ఎదిగే మోకాలికి గాయమైతే
పిల్లల లిగమెంట్ శస్త్రచికిత్స గురించి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

పల్నాడు జిల్లాలోని దుర్గి, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో మిరప, పత్తి పొలాలు ఎంత సహజమో, బడి వదిలాక పిల్లలు ఆడే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆటలూ అంతే సహజం. చదును చేసిన నేల, ఒక గీత, ఇరువైపులా ఏడుగురు ఉంటే చాలు, కబడ్డీ మొదలవుతుంది. కూతకు వెళ్ళిన పిల్లవాడు చీలమండ పట్టుబడిన స్థితిలో ఒళ్ళు ఒకవైపు తిప్పుతాడు. పాదం నేలకు అంటుకుని ఉంటుంది, మోకాలు మెలితిరుగుతుంది. లోపల ‘టప్’మన్న శబ్దం వినిపించిందని ఆ తర్వాత అతడే చెబుతాడు. కొద్ది గంటల్లో మోకాలు బూరెలా వాచిపోతుంది.

ఆ తర్వాత జరిగేది చాలా ఇళ్ళలో ఒకే తీరుగా ఉంటుంది. బెణికిందని పెద్దలు నూనె రాసి మర్దన చేయిస్తారు. కొందరు పుత్తూరు కట్టు వేయిస్తారు. ఎక్స్‌రే తీయిస్తే ‘ఎముక విరగలేదు’ అన్న మాట వినిపిస్తుంది, దానితో అందరి మనసూ కుదుటపడుతుంది. రెండు మూడు వారాలకు వాపు తగ్గి పిల్లవాడు నడుస్తాడు. నెల గడిచాక మళ్ళీ ఆటకు దిగుతాడు. అప్పుడు మోకాలు ఉన్నట్టుండి పట్టు తప్పుతుంది. ఇంట్లో వారు దానిని కొత్త గాయమనుకుంటారు. వాస్తవానికి అది తొలినాడు తెగిన లిగమెంటు పర్యవసానమే. ఇలా పట్టు తప్పిన ప్రతిసారీ మోకాలి లోపల మరికొంత నష్టం జరుగుతుంది.

ఈ వ్యాసం ఉద్దేశ్యం తల్లిదండ్రులను భయపెట్టడం కాదు. ఎదిగే వయసు పిల్లల మోకాలికి లిగమెంటు తెగితే నిర్లక్ష్యంగా నెలలు గడపడం ఎంత హానికరమో, పెద్దవారికి చేసే శస్త్రచికిత్సనే యథాతథంగా పిల్లలకు చేయించడమూ అంత హానికరం కావచ్చు. ఈ రెండింటి నడుమ సరైన మార్గం ఉన్నది. దానిని ఎంచుకోవడానికి వైద్యుణ్ణి ఏమి అడగాలో తెలిసి ఉండాలి.

మోకాలిలో ఏమున్నది?

తొడ ఎముకను దాని కింది ఎముకతో కలిపి పట్టి ఉంచే దృఢమైన నారలవంటి కట్లే లిగమెంట్లు. వీటిలో ముఖ్యమైనవి నాలుగు. లోపలి పక్క ఒకటి, వెలుపలి పక్క ఒకటి, మోకాలి నడిమధ్యలో గుణకారపు గుర్తు ఆకారంలో ఒకదానినొకటి దాటుతూ ముందూ వెనుకా రెండు. మధ్యనున్న రెండింటిలో ముందరి దానిని వైద్యులు ‘ఏసీఎల్’ అంటారు. కింది ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలితిరగకుండా కాపాడేది ఇదే. పిల్లల శస్త్రచికిత్సలో అధిక చర్చ దీని గురించే.

రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి మెత్తలు కూడా ఉంటాయి. వీటిని మెనిస్కస్ అంటారు. శరీర భారాన్ని పంచుకునేవి ఇవే. ఏసీఎల్ తెగిన మోకాలు పదేపదే జారితే ఈ మెత్తలు నలిగి చిరుగుతాయి. బాల్యంలో మెనిస్కస్ కోల్పోయిన మోకాలు యౌవనంలోనే అరుగుదల వ్యాధికి లోనయ్యే ప్రమాదం ఉన్నది. కనుక లిగమెంటుకు చేసే చికిత్సలో ప్రధాన లక్ష్యం ఆటకు పంపడం కన్నా ఈ మెత్తలను కాపాడటమేనని గ్రహించాలి.

లోపలి పక్క లిగమెంటు తెగితే సాధారణంగా శస్త్రచికిత్స అవసరం లేదు. కొన్ని వారాలు బ్రేస్ ధరిస్తే చాలావరకు దానంతట అదే అతుక్కుంటుంది. ఏసీఎల్ అలా కాదు. అది కీలు ద్రవంలో మునిగి ఉంటుంది. తెగిన కొసల నడుమ రక్తం గడ్డకట్టి వారధిలా నిలవదు. అందువలన దానంతట అది అతుక్కోవడం అరుదు.

పిల్లవాడి మోకాలు పెద్దవాడి మోకాలికి చిన్న రూపం కాదు

పిల్లల ఎముకల చివర ఎదుగుదల పలకలు ఉంటాయి. ఎముక పొడుగు పెరిగేది ఈ మృదులాస్థి పలకల వద్దనే. కాలు మొత్తం పొడుగులో సుమారు మూడింట రెండు వంతుల పెరుగుదల మోకాలి చుట్టూ ఉన్న రెండు పలకల నుంచే వస్తుంది. తొడ ఎముక కింది పలక ఏడాదికి దాదాపు 9 నుంచి 10 మిల్లీమీటర్లు, మోకాలి కింది ఎముక పై పలక సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగుతాయి. బాలికల్లో సుమారు 14 ఏళ్ళకు, బాలురలో సుమారు 16 ఏళ్ళకు ఈ పెరుగుదల ముగింపుకు వస్తుంది.

ఉదాహరణకు 12 ఏళ్ళ బాలుణ్ణి తీసుకుందాం. అతనికి ఇంకా నాలుగేళ్ళ పెరుగుదల ఉన్నది. మోకాలి వద్ద మాత్రమే సుమారు 6 సెంటీమీటర్లు పెరగవలసి ఉన్నది. పెద్దవారికి చేసే శస్త్రచికిత్సలో రెండు ఎముకల్లోనూ సొరంగాలు తొలిచి, వాటి గుండా కొత్త లిగమెంటును పోనిచ్చి బిగిస్తారు. అదే పనిని ఈ బాలునికి యథాతథంగా చేస్తే సొరంగం ఎదుగుదల పలకను చీల్చుకుంటూ పోవచ్చు. పలకకు అడ్డంగా ఎముక అతుక్కుంటే అక్కడ పెరుగుదల ఆగుతుంది. ఒక కాలు పొట్టిదవడమో, మోకాలు లోపలికి వంకరవడమో జరగవచ్చు. దుర్గిలో రాయి చెక్కే శిల్పి ఉలి పెట్టే ముందు రాతి పొరలు ఎటు పోతున్నాయో చూసుకుంటాడు. పిల్లల మోకాలికి శస్త్రచికిత్స చేసే వైద్యుడు ఎదుగుదల పలక ఎక్కడున్నదో, ఇంకెంత పెరుగుదల మిగిలి ఉన్నదో అంత జాగ్రత్తగానూ చూసుకోవాలి.

ఈ కారణం చేతనే ఒకప్పుడు వైద్యులు పిల్లలకు శస్త్రచికిత్స చేయక, పెరుగుదల ముగిసేవరకు బ్రేస్ కట్టి ఆటలు మాన్పించేవారు. కాని పదేళ్ళ పిల్లవాణ్ణి ఐదారేళ్ళు పరుగెత్తకుండా ఆపగలవారెవరు? నిరీక్షణ కాలంలో మెనిస్కస్ మెత్తలు చిరిగిపోవడం ఎక్కువగా కనిపించింది. గాయం తర్వాత 12 వారాలకు మించి ఆలస్యమైన పిల్లల్లో ఈ నష్టం హెచ్చుగా ఉన్నట్లు పరిశీలనలు తెలిపాయి. అందువలన గత రెండు మూడు దశాబ్దాల్లో వైద్యుల ఆలోచన మారింది. ఎదుగుదల పలకలను కాపాడుతూ శస్త్రచికిత్స చేసే పద్ధతులు రూపొందాయి.

గుర్తించడం ఎలా?

మోకాలు మెలితిరిగినప్పుడు శబ్దం రావడం, కొద్ది గంటల్లోనే వాపు రావడం, ఆట కొనసాగించలేకపోవడం, తర్వాతి వారాల్లో మెట్లు దిగేటప్పుడో మలుపు తిరిగేటప్పుడో మోకాలు జారినట్టనిపించడం ప్రధాన లక్షణాలు. ఇవి ఉన్నప్పుడు మామూలు ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు. ఎముకల వైద్యుడు చేతులతో మోకాలిని కదిపి పరీక్షిస్తాడు, ఆపై ఎమ్మారై సూచిస్తాడు. అంతవరకు మర్దన చేయించరాదు. బలవంతంగా మోకాలు వంచరాదు. ఐసు కాపడం, ఎత్తున కాలు ఉంచడం, ఊతకర్రతో నడవడం మేలు.

చిన్న పిల్లల్లో మరొక విశేషం ఉన్నది. లిగమెంటు తెగడానికి బదులు అది అంటుకుని ఉన్న కింది ఎముక ముక్క ఊడి రావచ్చు. ఇది ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ముక్క తన స్థానం నుంచి జరగకపోతే కట్టు సరిపోతుంది. పైకి లేచిపోతే ఆర్థ్రోస్కోపీ ద్వారా దారాలతోనో స్క్రూతోనో తిరిగి బిగిస్తారు. సకాలంలో గుర్తిస్తే పిల్లవాని సొంత లిగమెంటే నిలుస్తుంది కనుక దీనిని ఆలస్యం చేయడం పెద్ద నష్టం.

శస్త్రచికిత్స ఎప్పుడు? ఎవరికి?

ఏసీఎల్ తెగిన ప్రతి బిడ్డకూ వెంటనే శస్త్రచికిత్స అవసరమని భావించరాదు. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆధ్వర్యంలో నిపుణులు పిల్లల ఏసీఎల్ గాయాలపై ఒక ఉమ్మడి ప్రకటన వెలువరించారు. దాని సారాంశం ప్రకారం మూడు సందర్భాల్లో శస్త్రచికిత్స అవసరమవుతుంది. మెనిస్కస్ వంటి ఇతర భాగం కూడా చిరిగి దానిని కుట్టవలసి ఉన్నప్పుడు. మంచి ఫిజియోథెరపీ చేయించినా మోకాలు పదేపదే పట్టు తప్పుతున్నప్పుడు. బిడ్డ తన వయసుకు తగిన పనులు, ఆటలు చేయలేక తీవ్రంగా పరిమితమైపోయినప్పుడు. ఈ మూడూ లేని చోట, ముఖ్యంగా లిగమెంటు పాక్షికంగానే తెగినప్పుడు, నిపుణుని పర్యవేక్షణలో వ్యాయామ చికిత్సతో వేచి చూడవచ్చు. కాని అలా వేచి చూడటంలో నియమిత పరీక్షలు, క్రమం తప్పని వ్యాయామం ఉంటాయి. ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చోబెట్టడం చికిత్స కాదు.

శస్త్రచికిత్స నిర్ణయించాక వయసును బట్టి పద్ధతి మారుతుంది. ధ్రువపత్రంలోని పుట్టిన తేదీ ఇక్కడ చాలదు. ఒకే వయసు పిల్లల్లో ఒకరు పెరిగిపోయి ఉండవచ్చు, మరొకరు ఇంకా మొదలుపెట్టి ఉండకపోవచ్చు. అందువలన ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు అంచనా వేస్తారు. రెండు కాళ్ళనూ నిలువునా ఒకే చిత్రంలో చూపే పొడవాటి ఎక్స్‌రే కూడా తీస్తారు.

పెరుగుదల ఎంతో మిగిలి ఉన్న చిన్న పిల్లలకు ఎముకలో సొరంగం తొలవకుండా, తొడ వెలుపలి పక్కనున్న నారపట్టీలో కొంత భాగాన్ని మోకాలి మీదుగా తిప్పి బిగించే పద్ధతి ఒకటి. సొరంగాలను ఎదుగుదల పలకకు తగలకుండా ఎముక చివరి భాగంలోనే తొలిచే పద్ధతి మరొకటి. పెరుగుదల కొద్దిగానే మిగిలిన కౌమార వయస్కులకు సన్నని సొరంగాలను పలక మధ్యభాగం గుండా నిలువుగా పోనిచ్చి, వాటిలో కేవలం మెత్తని నారను మాత్రమే ఉంచుతారు. ఎముక ముక్క గానీ లోహపు స్క్రూ గానీ పలకకు అడ్డంగా ఉండకుండా జాగ్రత్తపడతారు. పెరుగుదల ముగిసినవారికి పెద్దల పద్ధతి సరిపోతుంది.

కొత్త లిగమెంటుగా అమర్చే నారను ఎక్కువగా బిడ్డ సొంత శరీరం నుంచే, తొడ వెనుక కండరాల కొసల నుంచి గానీ ముందు కండరపు కొస నుంచి గానీ తీసుకుంటారు. మృతదేహం నుంచి తీసి నిల్వ ఉంచిన నార పిల్లల్లో తిరిగి తెగే అవకాశం ఎక్కువ. కనుక సొంత నారకే వైద్యులు ప్రాధాన్యం ఇస్తారు.

ఆర్థ్రోస్కోపీ అంటే పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల గుండా సన్నని కెమెరాను పంపి చేసే శస్త్రచికిత్స. 1918లో టోక్యోలో కెంజీ తకాగి ఇలాంటి గొట్టంతో మోకాలి లోపలి భాగాన్ని చూశారు. 1962లో ఆయన శిష్యుడు మసాకి వతనబె దానితోనే మెనిస్కస్ శస్త్రచికిత్స చేశారు. నేడు ఇది మన రాష్ట్రంలోనూ జరుగుతున్న చికిత్సే.

తర్వాతి సంవత్సరమే అసలు పరీక్ష

శస్త్రచికిత్స పూర్తయినంత మాత్రాన పని ముగిసిందనుకోవడం మన సమాజంలో సాధారణంగా జరిగే పొరపాటు. అమర్చిన నార తొలి నెలల్లో బలహీనపడి, ఆపై నెమ్మదిగా లిగమెంటు స్వభావాన్ని సంతరించుకుంటుంది. దీనిని ఏ మందూ వేగవంతం చేయలేదు. తొలి రెండు వారాల్లో వాపు తగ్గించడం, మోకాలిని పూర్తిగా చాపగలగడం ముఖ్యం. మెనిస్కస్‌ను కుడితే కొన్ని వారాలు బరువు మోపడంలో, వంచడంలో పరిమితులు ఉంటాయి. ఆ తర్వాత నెలల తరబడి తొడ కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలి. గొంతుకూర్చోవడానికి వైద్యుడు అనుమతించే వరకు ఇంట్లో కమోడ్ కుర్చీ ఏర్పాటు చేయడం ఉపయోగకరం.

తిరిగి కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి మలుపులు తిరిగే ఆటలకు పిల్లలను 12 నెలలకు ముందు పంపరాదని పైన చెప్పిన నిపుణుల ప్రకటన సూచించింది. కాలం గడిచిందన్న లెక్క ఒక్కటే చాలదు. గాయమైన కాలి బలం రెండో కాలితో దాదాపు సమానమైందని పరీక్షించి తేల్చుకోవాలి. 25 ఏళ్ళలోపు వయసులో తిరిగి ఆటకు దిగినవారిలో నలుగురైదుగురిలో ఒకరికి అదే మోకాలికో, రెండో మోకాలికో మళ్ళీ గాయమవుతున్నది. తొందరపడి దిగినవారిలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పెరుగుదల ముగిసేవరకు కాళ్ళ పొడుగు, వంకర ఉన్నదేమో నియమిత కాలంలో పరీక్షించుకుంటూ ఉండాలి.

ఓర్పుకు మన తెలుగువారిలోనే ఒక ఉదాహరణ ఉన్నది. నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణె జాతీయ క్రీడల్లో ఆడుతుండగా మోకాలికి తీవ్రమైన గాయమైంది. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్ళు. పెరుగుదల ముగిసిన వయసు కనుక ఆయన సమస్య చిన్న పిల్లల సమస్య కాదు. కాని కోలుకునే దారి ఒకటే. 1996లో ఆయన జాతీయ చాంపియన్ అయ్యారు, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. గాయానికీ ఆ విజయానికీ నడుమ ఏడేళ్ళు గడిచాయి. ‘మూడు నెలల్లో ఆడేస్తాడా?’ అని వైద్యుణ్ణి ఒత్తిడి చేసే తండ్రులు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

ఆడపిల్లల మోకాలు

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పవలసి ఉన్నది. ఒకే ఆట ఆడే కౌమార బాలబాలికల్లో ఏసీఎల్ గాయం బాలికలకే అనేక రెట్లు ఎక్కువగా కలుగుతుంది. అయినా కొన్ని ఇళ్ళలో ‘ఆడపిల్లకు ఆటలెందుకు, ఇక మానేస్తే సరి’ అన్న మాటతో చికిత్స ఆగిపోతుంది. మరికొన్ని ఇళ్ళలో రేపు పెళ్ళి సంబంధాలకు అడ్డవుతుందన్న భయంతో గాయాన్నే దాచిపెడతారు. లిగమెంటు ఆటకు మాత్రమే పనికివచ్చేది కాదు. మెట్లు ఎక్కడం, పొలానికి నడవడం, బిందె మోయడం, బిడ్డను ఎత్తుకోవడం, నమాజులో కూర్చుని లేవడం అన్నీ మోకాలి మీదే ఆధారపడి ఉన్నవి. దాచిన గాయం పాతికేళ్ళకు అరుగుదలగా బయటపడినప్పుడు దాచేవారు ఎవరూ ఉండరు. పర్దా విషయంలో సంకోచం ఉంటే మహిళా ఫిజియోథెరపిస్టు కావాలని, తగిన ఆచ్ఛాదన ఏర్పాటు చేయమని ఆసుపత్రిలో అడగడం మీ హక్కు. కొడుకూ కూతురూ ఇరువురూ అల్లాహ్ అప్పగించిన అమానతులే. చికిత్సలో తేడా చూపడం న్యాయం కాదు.

నమాజు, వుజూ

చికిత్స పొందాలా అని అడిగిన ఎడారి అరబ్బులకు పొందండనే దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. నిలబడి నమాజు చేయలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి చేయవచ్చునని కూడా ఆయన బోధించారు. కనుక శస్త్రచికిత్స చేయించుకున్న కుర్రవాడు సజ్దాకు మోకాలు వంచలేక నమాజు వదిలివేయనవసరం లేదు. నిలబడగలిగితే నిలబడి, సజ్దా చేయలేనప్పుడు కుర్చీలో కూర్చుని సైగతో చేయవచ్చు. రుకూ కన్నా సజ్దాకు తల మరింత వంచాలి. కట్టు తడపరాదని వైద్యుడు చెప్పినప్పుడు దాని మీద మసహ్ చేసే సౌలభ్యం ధర్మంలో ఉన్నది. వివరాలు మీ మస్జిద్ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ‘సజ్దా చేయాలి’ అన్న ఆతురతతో తొలివారాల్లో మోకాలిని బలవంతంగా వంచుకోవడం మాత్రం సరికాదు. ధర్మం ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడమూ విధేయతే.

ఎక్కడికి వెళ్ళాలి? ఏమి అడగాలి?

దుర్గి వాసులకు దగ్గరి పట్టణం మాచర్ల, జిల్లా కేంద్రం నరసరావుపేట. అక్కడ తొలి పరీక్ష చేయించుకోవచ్చు. పిల్లల లిగమెంటు శస్త్రచికిత్స మాత్రం ఆర్థ్రోస్కోపీలో అనుభవమున్న పెద్ద ఆసుపత్రిలోనే చేయించడం మేలు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, మంగళగిరిలోని ఎయిమ్స్, హైదరాబాదు నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలను సంప్రదించవచ్చు. ప్రైవేటు ఆసుపత్రిలో చేరే ముందు అక్కడి ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో రేషన్, ఆధార్ కార్డులు చూపి, ఈ శస్త్రచికిత్స పథకం కింద వర్తిస్తుందా, ఇంప్లాంటు ఖర్చు అందులోనే ఉన్నదా అని ముందే తేల్చుకోండి. అప్పు చేసి శస్త్రచికిత్స చేయించి, డబ్బు చాలక ఫిజియోథెరపీ మానిపించిన పక్షంలో ఆ ఖర్చంతా వృథా అవుతుంది. తొలి రోజునే ఏడాది మొత్తం ఖర్చును లెక్కవేసుకోవాలి.

వైద్యుణ్ణి ఈ ప్రశ్నలు అడగండి: మా బిడ్డకు ఇంకెంత పెరుగుదల మిగిలి ఉన్నది? ఎముకల వయసు పరీక్షించారా? ఎదుగుదల పలకలను కాపాడేందుకు ఏ పద్ధతి అనుసరిస్తారు? ఈ వయసు పిల్లలకు మీరు ఇదివరకు చేశారా? మెనిస్కస్ చిరిగిందా, చిరిగితే తీసివేస్తారా, కుడతారా? వ్యాయామం ఎక్కడ, ఎన్నాళ్ళు? అనుభవజ్ఞుడైన వైద్యుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. సంతృప్తికరమైన సమాధానం రాకపోతే మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవడానికి రెండు వారాలు ఆగినా నష్టం లేదు. రెండేళ్ళు ఆగడం వల్లనే నష్టం.

గాయం కాకముందే

ఆటకు ముందు పదిహేను నిమిషాలు సన్నాహక వ్యాయామం చేయించడం వల్ల ఇలాంటి గాయాలు గణనీయంగా తగ్గుతాయి. ఒంటికాలిపై నిలబడటం, దూకి మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం, దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా చూసుకోవడం, తొడ వెనుక కండరాలను బలపరచడం ఇందులో ముఖ్యం. దీనికి ఏ సామగ్రీ అక్కరలేదు. పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు, మస్జిద్ ఆవరణలో పిల్లలను ఆడించే యువకులు తలచుకుంటే ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

మోకాలు వాచి ఇంటికి వచ్చిన బిడ్డను ఆ వారంలోనే ఎముకల వైద్యునికి చూపించండి. లిగమెంటు తెగిందని తేలితే కంగారు పడక, ఎదుగుదల గురించి అడిగి నిర్ణయించండి. ఆ తర్వాత ఏడాది పాటు బిడ్డతో పాటు మీరూ సబర్ వహించండి. అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యాన్ని, మనకు వారి బాధ్యత నిర్వర్తించే వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.